మీకు తెలుసా? విజ్జీ తొలి టెస్టులో బౌలర్లదే రాజ్యం

విజయనగరం రాజకుటుంబానికి చెందిన పూసపాటి విజయానంద గజపతిరాజు, క్రికెట్ లోకానికి ‘విజ్జీ’, భారత కెప్టెన్‌గా ఆడిన తొలి టెస్టు 1936 జూన్‌లో లార్డ్స్‌లో జరిగింది. మనవాళ్లు 147కే ఆలౌట్. అయితేనేం, అమర్ సింగ్ 35 పరుగులిచ్చి 6 వికెట్లు తీశాడు. మహమ్మద్ నిస్సార్ మరో 3 పడగొట్టాడు. ఇంగ్లండ్ 134కే కూలింది! పాలకుల సొంతగడ్డ మీద 13 పరుగుల ఆధిక్యమంటే ఆ రోజుల్లో మాటలా?

కానీ ఇంగ్లండ్ కెప్టెన్ గబ్బీ అలెన్ రెండు ఇన్నింగ్స్‌లోనూ ఐదేసి వికెట్లు తీశాడు. రెండోసారి మనం 93కే చాపచుట్టేశాం. చివరికి ఇంగ్లండ్ 9 వికెట్ల తేడాతో నెగ్గింది. విజ్జీ కెప్టెన్సీ మీద ఎన్ని విమర్శలున్నా, అమర్ సింగ్ బౌలింగ్ మాత్రం గెలుపుకి తగ్గదే.