థర్మామీటర్ ఎవరి చేతిలో ఉంది?



వాతావరణ మార్పు అనగానే పిల్లలు మంచు ఎలుగుబంటి బొమ్మ వేస్తారు. గచ్చిబౌలి ఎండ చాలదా? అందుకే ఈసారి మా ఆరో తరగతి పాఠం మేడ మీద జరిగింది. సున్నం వేసిన గచ్చు, వేయని గచ్చు రెండింటి వేడీ కొలిచాం. తెలుపు ఎండను వెనక్కి పంపుతుంది. 2023లో మన రాష్ట్రం తెచ్చిన కూల్ రూఫ్ విధానానికి ఆధారం ఇదే.

అయితే థర్మామీటర్ అబ్బాయిల చేతికి, నోట్‌బుక్ అమ్మాయిల చేతికి వెళ్లాయి. ఎవరూ చెప్పకుండానే! వెంటనే వంతులు పెట్టాను.

గచ్చు వేడి వేరు, భూమి వేడెక్కడం వేరు. రెండోదాని గురించి 1856లోనే అమెరికాలో యూనిస్ ఫుట్ అనే ఆవిడ ప్రయోగం చేశారు. గాజు గొట్టాల్లో వాయువులు నింపి ఎండలో పెడితే, కార్బన్ డయాక్సైడ్ ఉన్నది ఎక్కువ వేడెక్కింది, నెమ్మదిగా చల్లారింది. సభలో ఆ పత్రం చదివింది మాత్రం జోసెఫ్ హెన్రీ. “ఆవిడే ఎందుకు చదవలేదు మిస్?” అని ఒక పాప అడిగింది. పీరియడ్ మిగతా భాగమంతా ఆ ప్రశ్నకే సరిపోయింది.

ఈ ఆదివారం మధ్యాహ్నం రెండింటికి బాల్కనీలో, వంటింట్లో, పడగ్గదిలో వేడి కొలిపించండి. గది థర్మామీటర్ వాడండి, జ్వరం చూసేది పనికిరాదు. పాపైనా బాబైనా కొలవడం, రాయడం రెండూ చేయాలి. అంకెలు సోమవారం సైన్స్ నోట్సులో పంపండి.