ఎఱ్ఱనీటి వేళ కోనసీమలో పడవ విహారము

వానకాలపు శని ఆదివారములలో మిత్రబృందముతో నీటిదారిని బయలుదేరదలచిన వారికి నదులకన్న కాలువలు మేలు, ఉత్సాహముకన్న ధవళేశ్వరపు నీటిమట్టము ముఖ్యము.

తొలకరి ముగిసి ఆషాఢ శ్రావణములు ప్రవేశించి, ప్రాణహితా ఇంద్రావతీ శబరులు మోసికొనివచ్చిన మట్టితో గోదావరి ఎఱ్ఱబారి, ఆ ఎఱ్ఱనీటికి ఎదురీదుచు పులసలు సముద్రమునుండి నదీముఖములను చేరునప్పుడు, గోదావరి పాయలైన గౌతమీ వసిష్ఠల నడుమ ఒదిగిన కోనసీమ తన సమగ్ర సౌందర్యమును ప్రకటించును. అట్టి వేళ అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతముల యువతీయువకులకు, దూరనగరములందు కొలువులు చేయుచు వారాంతమునకు ఇల్లు చేరిన వారికి, తోడివారితో చిన్నపడవలెక్కి తెడ్లు వేసికొనుచు రెండునాళ్ళు నీటిపై గడుపవలెనను కోరిక పుట్టుట సహజమే కాక మెచ్చదగినదియును. ఐతే దారి నిర్ణయించుటకు ముందే, ఎంత నీరు వచ్చినచో ఆగవలెనో నిర్ణయించుకొనుట ఈ యాత్రకు ప్రథమ నియమమని నా దృఢవిశ్వాసము.

ధవళేశ్వరమును అడిగి కదలుడు

ధవళేశ్వరము బ్యారేజీ వద్ద నీటిమట్టము 11.75 అడుగులకు చేరినప్పుడు మొదటి ప్రమాద హెచ్చరికను, 13.75 అడుగుల వద్ద రెండవదానిని, 17.75 అడుగుల వద్ద మూడవదానిని ప్రకటింతురు. మొదటి హెచ్చరిక నాటికే సుమారు 10 లక్షల క్యూసెక్కుల నీరు దిగువకు సాగుచుండును. 1986 ఆగస్టులో 35 లక్షలకు మించిన ప్రవాహమును, 2022 జూలైలో 25 లక్షలు దాటిన ప్రవాహమును చూచిన, నదీమధ్యమందలి లంకల వాసులకు ఈ అంకెలు కంఠస్థములు. ఎగువన భద్రాచలము వద్ద మొదటి హెచ్చరిక 43 అడుగులకు వెలువడును గనుక, శుక్రవారము సాయంకాలము ఆ మట్టమును కూడ విచారించినవానికి మరునాటి నది స్వభావము కొంతవఱకు ముందే తెలియును.

హెచ్చరిక లేదు గదా యని నదిలోనికి దిగుట మాత్రము అవివేకము. 2019 సెప్టెంబరు 15వ తేదీన పాపికొండల దారిలో కచ్చులూరు వద్ద పర్యాటకుల పడవ మునిగిననాడు గోదావరిలో ప్రవాహము సుమారు 5 లక్షల క్యూసెక్కులే. అంతకు ముందటి సంవత్సరము జూలైలో ఐ. పోలవరము మండలమందలి పశువుల్లంక వద్ద, నిర్మాణమందున్న వంతెన స్తంభమునకు నాటుపడవ తగిలి తిరుగబడగా, బడినుండి ఇండ్లకు మరలుచున్న బాలికలు ప్రాణములు కోల్పోయిరి. అందుచేత వానకాలమున ఏటినడుమకు పోవలదు.

కాలువ దారి

అట్లని విహారమే మానుకొన నక్కఱలేదు. 1847లో ఆరంభమై 1852 నాటికి పూర్తియైన ధవళేశ్వరపు ఆనకట్ట వెనుక సర్ ఆర్థర్ కాటన్ సంకల్పించిన కాలువలు సేద్యమునకే కాక ప్రయాణములకును ఉద్దేశింపబడినవి. ధాన్యము, కొబ్బరికాయలు నింపిన పడవలను గట్టువెంట నడచుచు మనుష్యులు తాళ్ళతో లాగిన కాలము మన తాతలు ఎఱిగినదే. లారీలు వచ్చి ఆ రాకపోకలు అంతరించినను నీటిదారి నిలిచియే యున్నది. 2025 సంక్రాంతికి ఆత్రేయపురము కాలువలో జరిగిన పడవపందెములు దానిని మరల జనులకు గుర్తుచేసినవి.

కావున మొదటిదినమున లొల్ల లాకుల దిగువనుండి గన్నవరపు కాలువ వెంట సాగుట యుక్తము. ముందుగా జలవనరుల శాఖవారి అనుమతి గైకొని, ఎక్కడెక్కడ లాకులు, తక్కువ ఎత్తు వంతెనలు, గుఱ్ఱపుడెక్క పేరుకొనిన తావులు ఉన్నవో గట్టువెంట మోటారుసైకిలుపై పోయి చూచి రావలెను. లాకుల చెంత పడవ దిగి దానిని గట్టుమీదుగా మోసికొనిపోవలెనే గాని తలుపుల దాపునకు చేరరాదు. కాలువను వైనతేయ నదీపాయ పైనుండి రాజోలు సీమకు దాటించు అక్విడక్టుకు చాల ముందుగనే పి. గన్నవరమున పయనము ముగించి, ఆ కట్టడమును కాలినడకన దర్శించుట మేలు.

రెండవనాడు దిండి రేవుకడ వసిష్ఠను చూడవచ్చును. వరద లేక, స్థానికుడైన పడవవాడు సరే యన్నచో, ఒడ్డు విడువక కొంతదూరము పోయి రావచ్చును. అంతర్వేదివైపు మాత్రము పోరాదు, ఏలయన సముద్రపు పాటు వేళ నదీవేగము దానితో కూడి పడవను నదీముఖమువైపు ఈడ్చుకొనిపోవును.

బృందమున కట్టుబాటు

ఈత వచ్చినవారును లైఫ్ జాకెట్ విప్పరాదు. క్రొత్తవానిని అనుభవజ్ఞునితో జతపఱచి, నేర్పరుల పడవలను ముందొకటి, వెనుకనొకటి నడిపి, నడుమనున్నవారు ఒకరి కంటికొకరు కనబడునట్లు సాగవలెను. ఉఱుము వినబడినంతనే గట్టెక్కవలెను. ఐతే ఒంటరి కొబ్బరిచెట్టు నీడకు మాత్రము చేరరాదు. చీకటి పడకముందే బస చేరవలెను. వరదకు కొట్టుకొనివచ్చిన పాములు ఎత్తైన గట్లపై తలదాచుకొనును గనుక కఱ్ఱయు దీపమును చేతనుండవలెను.

రేవు మొదట లంకవారిది

బూరుగులంక, ఉడుముడిలంక, జి. పెదపూడిలంక, అరిగెలవారిపేటల వారికి వరదలో త్రోవ తెగిపోయిన దినములలో పడవయే బడికి, ఆసుపత్రికి, అంగడికి దారి. చాకలిపాలెపు కాజ్‌వే మునిగినప్పుడు కనకాయలంకవారి స్థితియు అట్టిదే. మనము రెట్టింపు బాడుగ చూపి వారి పడవను విహారమునకు మళ్ళించుకొనుట అన్యాయము. పర్యాటకులకు లైఫ్ జాకెట్లు తప్పనిసరియని శాసించు ప్రభుత్వము, అంతకు ముందే ఆ రేవులలోని ప్రతి పడవలోను పిల్లల కొలతకు సరిపోవు జాకెట్లను ఉంచవలెను. విహారమునకు పోవు ప్రతి బృందమును తన ఖర్చులో కొంత భాగమును అందుకై తీసి రేవున ఇచ్చి రావలెను. బడిపిల్ల భయము లేక దాటగల రేవు ఉన్ననాడే ఈ సీమకు పడవ విహారము శోభనిచ్చును.