చాయ్ బండి దగ్గరి రెండో భాష

శంషాబాద్ పక్కన తొండుపల్లి టోల్‌గేటు దగ్గర ఏ చాయ్ బండి ముందైనా కాసేపు నిలబడండి. ఊరాయనతో "ఏమన్నా, ఇయ్యాల ఆలస్యమైంది?" అన్న నోరే, లారీ డ్రైవరు వైపు తిరిగి "భాయ్, కిత్తే చాయ్ హోనా?" అంటుంది. ఆ దక్కనీ ఉర్దూ ఏ బడిలోనూ నేర్చింది కాదు. దాన్నెవరూ చదువు కింద లెక్కేయరు. నరాల డాక్టర్లు మాత్రం లెక్కేశారు.

హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం మతిమరుపు జబ్బు, అంటే డిమెన్షియా, ఉన్న 648 మందిని పరిశీలించి 2013లో ఫలితాలు ప్రచురించింది. ఒకే భాష మాట్లాడేవారిలో జబ్బు సగటున 61 ఏళ్లకు మొదలైతే, రెండు లేదా అంతకు మించి మాట్లాడేవారిలో 65 దాటాక మొదలైంది. నాలుగున్నరేళ్ల తేడా! అక్షరం ముక్క రానివారిలోనూ ఆ తేడా కనిపించింది. మూడో భాషతో అదనపు లాభమేమీ తేలలేదు.

ఇలాంటి మాటే 2007లో టొరంటో నుంచి వచ్చింది. అక్కడ రెండు భాషల వాళ్లలో చాలామంది వలస వచ్చినవారు కాబట్టి, మేలు చేసింది భాషో వలసో తేలదన్నారు విమర్శకులు. మన దగ్గర తెలుగు, ఉర్దూ గడప దాటకుండానే వస్తాయి. హైదరాబాద్ అధ్యయనం బలమంతా అక్కడే ఉంది.

పక్షవాతం, అంటే స్ట్రోక్, సంగతి ఇంకా ఆసక్తికరం. నిమ్స్‌లోనే డాక్టర్ సుభాష్ కౌల్ తదితరులతో కలిసి అల్లాడి 608 మంది స్ట్రోక్ రోగులను చూశారు. స్ట్రోక్ తర్వాత ఆలోచనాశక్తి మామూలుగా ఉన్నవారు రెండు భాషల వాళ్లలో 40 శాతం పైనే, ఒకే భాష వాళ్లలో 20 శాతం లోపే. అయితే మాట పడిపోవడంలో రెండు వర్గాలకూ తేడా లేదు! భాష కాపాడింది మాటను కాదన్నమాట. ఒక భాష మాట్లాడుతున్నంతసేపూ మెదడు రెండోదాన్ని అణచిపెట్టి ఉంచాలి. ఏళ్ల తరబడి ఆ సాధనతో ఏకాగ్రత, అదుపు గట్టిపడి ఉంటాయని పరిశోధకుల వివరణ.

అయితే న్యూయార్క్‌లో స్పానిష్ మాట్లాడేవారిని ఏళ్లపాటు గమనించిన అధ్యయనంలో మతిమరుపు జబ్బు విషయంలో ఈ మేలు కనపడలేదు. కాబట్టి ఇది తేలిపోయిన లెక్క కాదు. అయినా పిల్లాడు ఇంగ్లిష్ తప్ప మరో భాష మాట్లాడితే చిన్నతనంగా భావించే తల్లిదండ్రులు నిమ్స్ అంకెలు ఒకసారి చూడాలి. ఇంట్లో తెలుగు ఆపేయడం ఏ రకంగానూ లాభం కాదు.

ఎన్ని భాషలొచ్చినా బీపీ గోలీ మానేస్తే స్ట్రోక్ ఆగదు. మూతి వంకర పోయినా, చెయ్యి లేవకపోయినా, మాట తడబడినా పసరు మందులంటూ తిరగకండి. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు గడువు నాలుగున్నర గంటలే. వెంటనే 108కి ఫోన్ చేయండి.