నిప్పుకు నిలిచే గాజుపోగు

అగ్ని పరీక్షలు చేసే ల్యాబుల్లో గోడకు ఒక గ్రాఫ్ ఉంటుంది. గది తగలబడితే ఏ నిమిషానికి ఎంత వేడి పుడుతుందో చెప్పే గీత అది. కొలిమిని దాని ప్రకారమే మండిస్తారు. ఐదో నిమిషానికి 576 డిగ్రీల సెల్సియస్, పదో నిమిషానికి 678, అరగంటకు 842, గంటకు 945. తలుపైనా, గోడైనా, పైకప్పు కింద పరిచే ఇన్సులేషన్ అయినా చాలా దేశాల్లో ఈ గీత ముందు నిలబడి నెగ్గాల్సిందే.

మన గోడౌన్లలో, సినిమా హాళ్లలో, ఏసీ డక్టుల చుట్టూ కనిపించే మామూలు గ్లాస్ వూల్ ఆ కొలిమిలో పావుగంట నిలిస్తే గొప్పే. 600 నుంచి 700 డిగ్రీల మధ్య దాని పీచు మెత్తబడి, కుంగి, ముద్దయిపోతుంది. అగ్గిపుల్ల గీసి దగ్గర పెడితే అంటుకోదన్నది నిజమే. గాజు మండదు. కానీ మండకపోవడం వేరు, మంటను అవతలికి పోనీయకుండా ఆపడం వేరు. మొదటిది చూపించి రెండోదాని ధరకు అమ్మే వ్యాపారం మన దగ్గరా బాగానే సాగుతోంది.

ఆ మొదటిదాని నుంచి రెండోదానికి చేరడానికి పరిశోధకులకు దశాబ్దాలు పట్టింది. ఆ దారిలో ఓ చంద్రయాత్ర, ఓ అంతరిక్ష నౌక, కొన్ని ఘోర ప్రమాదాలు ఉన్నాయి. కొంత దూరం శ్రీహరికోట, బాలాపూర్ మీదుగా కూడా పోతుంది.

గౌను నుంచి గోడలోకి

గాజుపోగు మొదట జనం కళ్లలో పడింది సోకుగానే. 1893 షికాగో ప్రపంచ ప్రదర్శనలో లిబ్బీ అనే గాజు కంపెనీ పట్టుదారంతో కలిపి నేసిన గాజు గౌనును ప్రదర్శనకు పెట్టింది. చూడ్డానికి ధగధగలాడింది, తొడుక్కోవడానికి మాత్రం పనికిరాలేదు. అసలు మలుపు 1932లో వచ్చింది. అమెరికాలోని ఓవెన్స్ ఇల్లినాయ్ కంపెనీలో డేల్ క్లైస్ట్ అనే యువ పరిశోధకుడు రెండు గాజు దిమ్మెలను అతికించే ప్రయత్నంలో ఉండగా, గాలి ధార ఒకటి కరిగిన గాజు మీద పడింది. గాజు చిట్లి సన్నటి పీచులా రాలింది. అంతకుముందు ఎంత తంటాలు పడ్డా దొరకనంత సన్నటి పీచు! దాన్ని సరుకుగా మార్చే పని గేమ్స్ స్లేటర్ బృందం చేసింది. 1938లో ఓవెన్స్ కార్నింగ్ కంపెనీ పుట్టింది.

ఇప్పుడు గ్లాస్ వూల్ తయారయ్యే తీరు పీచుమిఠాయి బండి దగ్గర నిలబడి చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. గిర్రున తిరిగే గిన్నెకు వేల సన్నటి రంధ్రాలుంటాయి. కరిగిన గాజు వాటిలోంచి దూసుకొస్తుంది, వేడి గాలి దాన్ని ఇంకా సాగదీస్తుంది. కింద పడుతున్న పీచు మీద బంక చల్లి, ఓవెన్‌లో కాల్చి, చాపలా చుడతారు. వేడిని అడ్డుకునేది నిజానికి గాజు కాదు, ఆ పీచు మధ్య కదలకుండా చిక్కుకున్న గాలి.

తంటా అంతా ఆ బంకతోనే. చాలాకాలం దానికి ఫినాల్ ఫార్మాల్డిహైడ్ వాడారు. గ్లాస్ వూల్‌కు ఉన్న పసుపు రంగు దానిదే. సరుకు బరువులో అది పదో వంతు కూడా ఉండదు గానీ, 250 డిగ్రీలు దాటితే విచ్ఛిన్నమై పొగ వదులుతుంది. పైన అంటించే వెండిరంగు రేకు వెనక చాలాసార్లు క్రాఫ్ట్ కాగితం, తారులాంటి జిగురు ఉంటాయి. గాజు మండకపోయినా దాని మీది కాగితం మండుతుంది. మంట షెడ్డు ఈ చివరి నుంచి ఆ చివరికి పాకడానికి ఆ పొర చాలు. చక్కెర, పిండి పదార్థాల నుంచి చేసే కొత్త బంకలు ఫార్మాల్డిహైడ్ బెడదను తీర్చాయి. కాలే గుణాన్ని మాత్రం పూర్తిగా తీర్చలేదు.

చంద్రుడి దారిలో

1967 జనవరి 27న కేప్ కెనడీలో అపోలో 1 నౌక నేల మీద ఉండగానే రిహార్సల్ జరుగుతోంది. లోపల స్వచ్ఛమైన ఆక్సిజన్. కేబిన్ నిండా నైలాన్ వలలు, వెల్‌క్రో పట్టీలు. ఎక్కడో ఓ నిప్పురవ్వ లేచింది. గస్ గ్రిసమ్, ఎడ్ వైట్, రోజర్ చాఫీ ముగ్గురూ బయటికి రాలేకపోయారు.

ఆ తర్వాత నాసా నైలాన్ పక్కనపెట్టి గాజును నేయించింది. బీటా క్లాత్ అని పేరు. వెంట్రుక మందంలో పదో వంతైనా లేని గాజుపోగులతో నేసిన గుడ్డ అది. మామూలు గాజుపోగు ఒరుసుకుంటే విరిగి, ముక్కలు చర్మంలో గుచ్చుకుంటాయి. అందుకే పోగుకు టెఫ్లాన్ పూత పూశారు. చంద్రుడి మీద నడిచినవాళ్ల తెల్లటి దుస్తుల పైపొర అదే. సరదా ఏమిటంటే, ఈ జాతి గుడ్డ తర్వాత కట్టడాల కప్పుగానూ కుదిరింది. 1980ల మొదట్లో జెడ్డాలో కట్టిన హజ్ టెర్మినల్ గుడారాల కప్పు టెఫ్లాన్ పూసిన గాజుపోగు గుడ్డే. హజ్‌కు వెళ్లి వచ్చిన హైదరాబాదీలు ఎందరో ఆ నీడన నిలబడి ఉంటారు.

ఇక వేడికి నిలబడటం సంగతి. మామూలుగా పోగులకు వాడే ‘ఈ గ్లాస్’లో సిలికా సగానికి కాస్త ఎక్కువ. మిగిలింది సున్నం, అల్యూమినా, బోరాన్. గాజును తక్కువ వేడికే కరిగేలా చేసి పోగు తీయడాన్ని సులువు చేసేవి ఇవే. ప్రమాదం వేళ దాన్ని మెత్తబరిచేవీ ఇవే. అందుకని పరిశోధకులు ఒక తెలివైన అడ్డదారి పట్టారు. ముందు సులువుగా కరిగే గాజుతో పోగు తీసి, గుడ్డ నేసేస్తారు. ఆ గుడ్డను వేడి ఆమ్లంలో ముంచుతారు. సిలికా తప్ప మిగతావి చాలావరకు ఆమ్లంలోకి దిగిపోతాయి. మిగిలిన పోగును మళ్లీ వేడిచేస్తే దానిలోని చిల్లులు మూసుకుంటాయి. ఇప్పుడు చేతికొచ్చింది 96 శాతానికి పైగా సిలికా ఉన్న గుడ్డ. వెయ్యి డిగ్రీల దగ్గరా గంటల తరబడి చెదరదు. బలం మాత్రం తగ్గుతుంది, ధర పెరుగుతుంది. వెల్డింగ్ చేసేచోట నిప్పురవ్వలకు అడ్డంగా వేలాడదీసే మేలురకం దుప్పటి ఇదే.

ఈ దారిలో శిఖరం స్పేస్ షటిల్ పెంకు. 99.8 శాతం స్వచ్ఛమైన సిలికా పీచును నీళ్లలో కలిపి, అచ్చుపోసి, కాల్చి చేశారు. పెంకులో పదింట తొమ్మిది వంతులు ఖాళీయే, ఘనమీటరు బరువు 144 కిలోలే. కొలిమిలోంచి ఎర్రగా కాలుతున్న పెంకును తీసి, అంచులు పట్టుకుని ఒట్టి చేత్తో ఎత్తి చూపించేవారు. 2003 ఫిబ్రవరి 1న కల్పనా చావ్లా సహా ఏడుగురిని పొట్టనపెట్టుకున్న కొలంబియా షటిల్ ప్రమాదాన్ని చాలామంది ఈ పెంకుల ఖాతాలో వేస్తారు. అది సరికాదు. దెబ్బతిన్నది ఎడమ రెక్క అంచున ఉన్న కార్బన్ పలక. దాన్ని కొట్టింది ఇంధన ట్యాంకు మీది నుంచి ఊడిపడిన ఇన్సులేషన్ ఫోమ్ ముక్క!

మనవాళ్లూ ఈ విద్య నేర్చారు. 2007 జనవరి 10న శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్వీ సీ7 మోసుకెళ్లిన ఎస్ఆర్ఈ 1 క్యాప్సూల్‌కు ఇస్రో సొంత సిలికా పెంకులతోనూ కవచం చేశారు. పన్నెండు రోజులకు అది వాతావరణాన్ని చీల్చుకుంటూ వచ్చి బంగాళాఖాతంలో చెక్కుచెదరకుండా దిగింది.

మంటలో నిలవాలి, ఊపిరితిత్తుల్లో కరగాలి

నాకు ఈ కథలో అన్నిటికన్నా ఆసక్తి కలిగించే చిక్కు ఇది. ఏ పీచు మంటకు బాగా నిలుస్తుందో, అదే ఒంట్లోకి పోతే కరగకుండా కూర్చునే ప్రమాదం ఎక్కువ. ఆస్బెస్టాస్ నేర్పిన పాఠం అదే. నిప్పును అది అద్భుతంగా ఆపింది. పీల్చినవాళ్ల ఊపిరితిత్తుల్లో దశాబ్దాలు ఉండిపోయి క్యాన్సర్ తెచ్చిపెట్టింది. ఎన్నో దేశాలు దాన్ని నిషేధించినా, మన దగ్గర దిగుమతి చేసుకున్న ఆస్బెస్టాస్‌తో సిమెంటు రేకులు ఇంకా తయారవుతూనే ఉన్నాయి.

దాని స్థానంలోకి వచ్చిన సిరామిక్ పీచు, అంటే అల్యూమినా సిలికా రకం, 1260 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. కొలిములవాళ్లకు ప్రాణం. కానీ అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని క్యాన్సర్ కలిగించే అవకాశమున్న వాటి జాబితాలో పెట్టింది. ఇళ్లలో వాడే గ్లాస్ వూల్‌ను 2001లో ఆ అనుమానపు జాబితా నుంచి తీసేసింది. దాని పీచు ఊపిరితిత్తుల్లో త్వరగా కరిగిపోవడం ఒక ప్రధాన కారణం. దురద మాత్రం తప్పదు. చేతితొడుగు, మాస్కు లేకుండా కూలీలతో ఆ పని చేయించే కాంట్రాక్టరును నిలదీయాల్సిందే.

ఈ చిక్కుకు పరిశోధకులు కనిపెట్టిన విరుగుడు కాల్షియం, మెగ్నీషియం కలిపిన సిలికేట్ పీచు. దాదాపు 1200 డిగ్రీల తరగతి సరుకు ఇది. ఒంట్లోని ద్రవంలో పడితే మాత్రం వారాల్లోనే కరగడం మొదలవుతుంది. నిప్పుకు మొండిగా, ఒంటికి మెత్తగా ఉండే పదార్థాన్ని కావాలని తయారుచేయగలగడం, నా దృష్టిలో, షటిల్ పెంకు కన్నా పెద్ద విజయం.

కొత్తదారిలో మరొకటి ఏరోజెల్. 1931లో శామ్యూల్ కిస్ట్లర్ చేసి చూపించాడు. దానిలోని రంధ్రాలు ఎంత చిన్నవంటే, లోపలి గాలి అణువులు ఒకదాన్నొకటి గుద్దుకుని వేడిని అందించుకునేంత చోటు కూడా ఉండదు. కదలని గాలి కన్నా గట్టిగా వేడిని అడ్డుకుంటుంది. కానీ పట్టుకుంటే పొడైపోతుంది. దాన్ని పీచు చాపలో ఇంకిస్తే మడతపెట్టగలిగే దుప్పటి వస్తుంది. హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ పరిశోధన సంస్థ ఇలాంటి సిలికా ఏరోజెల్ షీట్ల మీద పనిచేసింది. విద్యుత్ వాహనాల బ్యాటరీల్లో ఒక సెల్ అంటుకుంటే పక్క సెల్‌కు పాకకుండా మధ్యన ఇలాంటి పలుచని పొరలు పెడుతున్నారు. 2022లో విద్యుత్ స్కూటర్లు వరుసగా తగలబడినప్పుడు, అదే ఏడాది సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో విద్యుత్ బైక్‌ల షోరూమ్ మంటలు పై అంతస్తుల లాడ్జిలో ఎనిమిది మందిని బలిగొన్నప్పుడు, సెల్ నుంచి సెల్‌కు పాకే ఈ వేడి ఎంత ప్రాణాంతకమో అందరికీ తెలిసింది. బ్యాటరీ భద్రత నిబంధనలు బిగించడానికి కేంద్రం వేసిన నిపుణుల కమిటీకి అధ్యక్షత వహించింది కూడా ఏఆర్‌సీఐ అప్పటి డైరెక్టరు టాటా నరసింగరావే.

సరుకు ఉన్నా చావులెందుకు?

ఇంత విద్య ఉండగా 2017 జూన్ 14న లండన్‌లో గ్రెన్‌ఫెల్ టవర్ ఎందుకు కాలింది? 72 మంది ఎందుకు చనిపోయారు? గోడల బయట వేసింది గాజు పీచు కాదు కనుక. లోపల పాలిథీన్ ఉన్న అల్యూమినియం పలకలు, వాటి వెనక మండే ఫోమ్. తయారీదారులు పరీక్షల విషయంలో మోసపూరితంగా వ్యవహరించి కొనేవాళ్లను తప్పుదారి పట్టించారని 2024 సెప్టెంబరులో విచారణ సంఘం తేల్చింది. 18 మీటర్లు దాటిన కొత్త నివాస భవనాల వెలుపలి గోడల్లో మండే సరుకును ఇంగ్లండ్ అప్పటికే, 2018 చివర్లోనే, నిషేధించింది.

మన కోల్డ్ స్టోరేజీల్లో, ఫ్యాక్టరీ షెడ్లలో ఉన్నదేమిటి? ఎక్కువగా థర్మాకోల్, ఫోమ్ నింపిన పఫ్ ప్యానెళ్లు. చల్లదనాన్ని బాగా పట్టి ఉంచుతాయి, చవక కూడా. అంటుకుంటే మాత్రం నల్లటి విషపు పొగ. గుంటూరు చుట్టుపక్కల మిర్చి బస్తాలు కోల్డ్ స్టోరేజీలతో సహా కాలిన వార్తలు మనకు కొత్త కాదు. పఫ్ స్థానంలో రాతి ఉన్ని (రాక్ వూల్) నింపిన ప్యానెళ్లు బజారులో దొరుకుతున్నాయి. బరువు ఎక్కువ, ధర ఎక్కువ. తేమ చేరకుండా జాగ్రత్తపడాలి. వెయ్యి డిగ్రీలకు పైగా నిలుస్తాయి. ఆ ఖర్చు బీమా ప్రీమియంలో తగ్గింపుగా యజమానికి తిరిగివస్తే తప్ప ఈ మార్పు రాదు. ప్రభుత్వాలు ఆలోచించాల్సింది అక్కడే.

అంతదాకా, షెడ్డు వేయిస్తున్నా, హాలు కట్టిస్తున్నా, ‘ఫైర్‌ప్రూఫ్’ అనే మాటకు డబ్బు ఇవ్వకండి. ఎన్ని డిగ్రీలకు, ఎన్ని నిమిషాలు, ఏ ల్యాబులో అని అడగండి. పీచును ఒక్కదాన్నే పరీక్షించారా, రేకు, జిగురుతో సహా పరీక్షించారా అని అడగండి. కాగితం మీద సమాధానం రాకపోతే వేరే దుకాణం చూసుకోండి.