గుంపులో ఉన్నామన్న ధీమా: తెడ్డు పడవలపై అపోహలు – వాస్తవాలు

కయాక్‌లు, తెడ్డు పడవలు వేసుకుని పదిమందీ కలిసి నీళ్లమీదికి వెళ్లేటప్పుడు ‘ఇంతమందిమి ఉన్నాం, ఏమవుతుంది?’ అన్న ధీమా సహజం. అపోహలు చాలావరకు అక్కడే పుడతాయి. గుంపు తనంతట తాను ఎవరినీ కాపాడదు. కట్టుబాటు ఉన్న గుంపే కాపాడుతుంది.

అపోహ: ఈత వచ్చినవాళ్లకు లైఫ్ జాకెట్ అక్కర్లేదు.

వాస్తవం: అమెరికా తీరరక్షక దళం 2022 లెక్కల్లో, పడవ ప్రమాదాల్లో మునిగి చనిపోయినవారిలో వివరాలు తెలిసినంతవరకు 85 శాతం మంది జాకెట్ వేసుకోలేదు. అసలు వేసుకునేవాళ్లే తక్కువ కాబట్టి ఆ శాతం పెద్దదిగా కనిపిస్తోందని ఎవరైనా అనవచ్చు. నిజమే, అంకె ఒక్కటే రుజువు కాదు. కానీ పడవ తిరగబడి తలకు దెబ్బ తగిలినా, చన్నీటికి ఊపిరి బిగుసుకుపోయినా గజ ఈతగాడి విద్య కూడా అక్కరకు రాదు. చేతులు ఆడకపోయినా జాకెట్ తేలుస్తుంది. కాళ్లదగ్గర పడేసుకున్న జాకెట్‌ను నీళ్లలో పడ్డాక తొడుక్కోవడం మహా కష్టం. పైగా అది లేనివాణ్ని పట్టుకోబోయిన తోటివాడి ప్రాణానికీ ముప్పే.

అపోహ: ఎవరైనా మునిగితే అరుస్తారు, పక్కవాళ్లు చూస్తారు.

వాస్తవం: మునిగేవాళ్లు చాలాసార్లు అరవలేరు. నోరు నీటిపైకి వచ్చే క్షణం ఊపిరికే చాలదు. అమెరికన్ లైఫ్‌గార్డ్ ఫ్రాంక్ పియా పరిశీలనలో ఆ పెనుగులాట 20 నుంచి 60 సెకన్లే. ఎవరో చూస్తున్నారులే అని అందరూ అనుకుంటే చూసేవాళ్లే ఉండరు. అందుకే ముందు దారిచూపే పడవ, చివర ఎవరినీ వదలకుండా వచ్చే పడవ, మధ్యలో ఒకరినొకరు కనిపెట్టుకునే జతలు ఉండాలి. మూడు ఈలలు ఆపదకు గుర్తు, సరదాకు ఊదకూడదు. చెప్పకుండా ఒడ్డెక్కి ఇంటికి పోతే, లేని మనిషికోసం మిగతావాళ్లు నీళ్లలో గాలించాల్సి వస్తుంది.

అపోహ: నేర్పున్నవాళ్లు ముందుకు దూసుకెళ్లినా ఫర్వాలేదు.

వాస్తవం: నదిలో వెళ్లే దారిలో చిన్న ఆనకట్ట ఉంటే, దాన్ని ఎగువనుంచి చూసినప్పుడు నీరు నిలకడగానే ఉంటుంది, అంచు కనబడదు. దూకే నీటి కింద తిరుగుడు ప్రవాహం పడవనూ మనిషినీ మళ్లీమళ్లీ వెనక్కి లాగుతుంది. దాని ముందు నేర్పు నిలవదు. ఆ దారిని ముందే పరిశీలించిన నాయకుణ్ని దాటిపోవడం శౌర్యం కాదు, తెలివితక్కువతనం. ఇన్ని నియమాలతో సరదా ఏముంటుందంటారా? అందరి కంటే నెమ్మదైనవారి వేగంతో సాగితే తగ్గేది హడావుడే. కాబట్టి బయల్దేరేముందు చెప్పే సూచనలు పూర్తిగా వినండి, జాకెట్ పట్టీలు బిగించుకోండి, మద్యం తాగి తెడ్డు పట్టకండి.