డోర్నకల్ వ్యాపారి, ఆర్థిక నియంత్రణ చట్టాలు: అపోహలు – వాస్తవాలు

కాజీపేట–విజయవాడ రైలుమార్గం నుంచి భద్రాచలం రోడ్డు వైపు శాఖ చీలే డోర్నకల్ జంక్షన్, 2016 దాకా వరంగల్ జిల్లాలోనూ ఆ తరువాత మహబూబాబాద్ జిల్లాలోనూ భాగమైన చిన్న పట్టణం. ఈ పరిసరాల వాణిజ్యం ప్రధానంగా మిర్చి, పత్తి, వరి పంటల చుట్టూ తిరుగుతుంది. సరుకు ఖమ్మం, వరంగల్ మార్కెట్లకు వెళుతుంది, కొంత రాష్ట్రం దాటుతుంది. ఎవరు ఏ సరుకును ఏ షరతులతో కొనాలో, అమ్మాలో, దానిపై ఏ పన్ను ఎప్పుడు కట్టాలో, బాకీ ఎన్ని రోజుల్లో తీర్చాలో ప్రభుత్వం చట్టం ద్వారా నిర్ణయించడాన్నే ఆర్థిక నియంత్రణ అంటారు. ఆ చట్టాలను చదివి, ఫలానా లావాదేవీకి వాటిలో ఏవి వర్తిస్తాయో వ్యాపారికి ముందుగా చెప్పి, వివాదం వస్తే అధికారి ముందూ న్యాయస్థానం ముందూ అతని పక్షాన నిలిచేది వ్యాపార న్యాయవాద సంస్థ. ఈ పని గురించి చిన్న పట్టణాల్లో పాతుకుపోయిన అపోహలు వ్యాపారులకు డబ్బు రూపంలోనే నష్టం తెస్తున్నాయి కనుక వాటిని ఒక్కొక్కటిగా పరిశీలించడం అవసరం.

అపోహ: ఈ నియంత్రణలన్నీ జీఎస్టీతో కొత్తగా వచ్చిపడ్డాయి.

డోర్నకల్ శాఖామార్గం చరిత్రే దీనికి సమాధానం చెబుతుంది. ఆ మార్గంతో ముడిపడిన సింగరేణి బొగ్గు తవ్వకపు హక్కులను 1886లో ఇంగ్లండులో నమోదైన హైదరాబాద్ దక్కన్ కంపెనీ పొందింది. ఆ హక్కుల కేటాయింపులోనూ వాటాల అమ్మకంలోనూ అక్రమాలు జరిగాయన్న ఆరోపణలపై 1888లో బ్రిటిష్ కామన్స్ సభ సెలెక్ట్ కమిటీ విచారణ జరిపింది. 1920లో హైదరాబాద్ సంస్థానపు కంపెనీల చట్టం కింద సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడి పాత కంపెనీ ఆస్తులనూ అప్పులనూ స్వీకరించింది. ఒప్పందం, వాటా, లైసెన్సు, విచారణ అనేవి ఈ నేలకు నూట ముప్పై ఏళ్లకు పైగా పరిచయమే. మారినదల్లా ఒకప్పుడు గని యజమానిని మాత్రమే తాకిన నియంత్రణ నేడు మిర్చి అడ్తిదారునూ జిన్నింగ్ మిల్లునూ కూడా తాకడం.

అపోహ: నోటీసు వచ్చాక, ఆర్డరు పడ్డాక లాయరు దగ్గరికి వెళితే సరిపోతుంది.

అన్ని అపోహల్లోకీ ఎక్కువ నష్టం తెచ్చేది ఇదే. జీఎస్టీ చట్టంలో పన్ను తక్కువ కట్టారని అధికారి భావిస్తే ముందుగా షోకాజ్ నోటీసు, అంటే ఈ పన్ను ఎందుకు వసూలు చేయకూడదో కారణం చూపమని కోరే నోటీసు, ఇవ్వాలి. దాన్ని చేతికే అందించనక్కర లేదు. 169వ సెక్షన్ ప్రకారం పోర్టల్‌లో ఉంచినా అందించినట్లే లెక్క. పోర్టల్‌లో నమోదైన ఫోను నంబరు, ఈమెయిలు లెక్కలు రాసే వ్యక్తివి అయినప్పుడు ఆ నోటీసు వచ్చిన సంగతే దుకాణదారుకు తెలియకుండా గడువు గడిచిపోగలదు. వ్యతిరేక నిర్ణయం తీసుకోబోయే ముందు వాదన వినాలని 75వ సెక్షన్ అధికారిని ఆదేశిస్తున్నా, సకాలంలో లిఖితపూర్వక జవాబు, పత్రాలు దాఖలు చేయని వ్యాపారికి ఆ హక్కు వల్ల దక్కే ప్రయోజనం స్వల్పం.

ఉత్తర్వు వెలువడిన తరువాత అప్పీలుకు మూడు నెలల వ్యవధి ఉంటుంది. సరైన కారణం చూపితే అప్పీలు అధికారి మరొక్క నెల ఆలస్యాన్ని మన్నించగలడు, అంతకు మించి మన్నించే అధికారం అతనికి చట్టం ఇవ్వలేదు. ఒప్పుకున్న మొత్తం పూర్తిగానూ, వివాదంలో ఉన్న పన్నులో 10 శాతమూ ముందుగా జమ చేయాలి. గడువు దాటినా హైకోర్టులో రిట్ వేస్తే సరిపోతుందని చాలామంది నమ్ముతారు. కాకినాడలోని వాణిజ్య పన్నుల అసిస్టెంట్ కమిషనర్‌కూ గ్లాక్సో స్మిత్‌క్లైన్ కన్స్యూమర్ హెల్త్‌కేర్ సంస్థకూ మధ్య నడిచిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2020 మే నెలలో ఈ నమ్మకానికి అడ్డుకట్ట వేసింది. ఆంధ్రప్రదేశ్ వ్యాట్ చట్టం అప్పీలుకు 30 రోజులు, తగిన కారణం ఉంటే మరో 30 రోజులు ఇచ్చింది. కంపెనీ ఆ గడువులన్నీ దాటిపోయాక ఏడాదికి పైగా ఆలస్యంగా వచ్చింది. చట్టం నిర్దేశించిన గరిష్ఠ గడువు ముగిశాక, దాన్ని పక్కదారిలో పొడిగించేలా రిట్‌ను స్వీకరించడం తగదని తీర్పు చెప్పి, హైకోర్టు ఇచ్చిన ఊరటను సుప్రీంకోర్టు రద్దు చేసింది. అంత పెద్ద బహుళజాతి సంస్థకే దక్కని మినహాయింపు పల్లెటూరి వ్యాపారికి దక్కుతుందని ఆశించడం ప్రమాదకరం. అందువల్ల న్యాయవాద సంస్థ చేసే పనిలో విలువైన భాగం కోర్టు వాదన కాదు, తేదీల పట్టికను కాపాడటం, జవాబులోని ప్రతి మాటకూ బిల్లు, వే బిల్లు, బ్యాంకు ఖాతా వంటి ఆధారం జత చేయడం.

అపోహ: 40 లక్షల టర్నోవరు దాకా జీఎస్టీ నమోదు అక్కర లేదు.

ఏడాది మొత్తం అమ్మకాల విలువను టర్నోవరు అంటారు. సరుకులు మాత్రమే అమ్మేవారికి నమోదు పరిమితిని 2019 ఏప్రిల్ నుంచి 40 లక్షలకు పెంచినప్పుడు, ఆ పెంపు వర్తించని రాష్ట్రాల జాబితాలో తెలంగాణ ఉంది. కనుక ఇక్కడ పరిమితి 20 లక్షలుగానే నిలిచింది, ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షలైంది. జగ్గయ్యపేటలో ఉన్న బంధువు దుకాణాన్ని చూసి డోర్నకల్ వ్యాపారి తన లెక్క కట్టుకుంటే మోసపోతాడు. అంతేకాక, పన్ను వర్తించే సరుకును రాష్ట్రం దాటించి అమ్మేవారు సాధారణంగా టర్నోవరుతో నిమిత్తం లేకుండానే నమోదు కావాలి. ఎండుమిర్చి గుంటూరుకు పంపేవారికి ఇది నేరుగా వర్తించే నియమం.

పత్తి విషయం మరింత సూక్ష్మమైనది. తన పొలంలో పండించినది అమ్ముకునే రైతు జీఎస్టీలో నమోదు కానక్కర లేదు. కానీ ఆ ముడిపత్తిని రైతు నుంచి కొనే నమోదిత వ్యాపారి 2017 నవంబరు నుంచి దానిపై పన్ను తానే కట్టాలి. అమ్మినవారు కాక కొన్నవారు పన్ను కట్టే ఈ పద్ధతిని రివర్స్ చార్జ్ అంటారు. ఆ పన్నును అంతకుముందు కొనుగోళ్లపై కట్టిన పన్ను తాలూకు క్రెడిట్లతో సర్దుకోవడానికి వీలు లేదు, నగదుగానే జమ చేయాలి. జమ చేసిన తరువాత ఆ మేరకు క్రెడిట్ తీసుకోవచ్చు. రైతుతో రాసుకునే తక్‌పట్టీ, అంటే కొనుగోలు చీటీ, సక్రమంగా ఉండటం ఇక్కడ రైతుకూ మిల్లుకూ సమానంగా రక్షణ.

అపోహ: మార్కెట్ యార్డు బయట కొంటే మార్కెట్ ఫీజు పడదు.

2020లో కేంద్రం చేసిన సాగు చట్టాల్లో ఒకటి యార్డు బయటి వ్యాపారానికి అటువంటి మినహాయింపు ఇచ్చింది. సుప్రీంకోర్టు 2021 జనవరిలో ఆ చట్టాల అమలును నిలిపివేసింది, అదే సంవత్సరాంతంలో పార్లమెంటు వాటిని రద్దు చేసింది. 1966 నాటి వ్యవసాయ మార్కెట్ల చట్టం ప్రకారం ఫీజు యార్డు ప్రహరీకి కాక నోటిఫై చేసిన మొత్తం మార్కెట్ ప్రాంతానికి వర్తిస్తుంది.

అపోహ: చట్టంలో సందులు వెతికి పన్ను తప్పించడమే వ్యాపార న్యాయవాదుల పని.

ఈ మాట ఎంతో నిజాయితీగా పనిచేసే వృత్తికి చేసే అన్యాయం. అంతకంటే ముఖ్యంగా, ఆ నమ్మకంతో వచ్చే కక్షిదారు తానే నష్టపోతాడు. నాటి ఆంధ్రప్రదేశ్ అమ్మకపు పన్ను చట్టం కింద హైదరాబాద్ వాణిజ్య పన్నుల అధికారితో మెక్‌డోవెల్ కంపెనీకి వచ్చిన వివాదంలో, మద్యంపై ఎక్సైజు సుంకాన్ని కొనుగోలుదారు నేరుగా ఖజానాకు కట్టాడు కనుక అది తమ టర్నోవరులో చేరదని కంపెనీ వాదించింది. 1985లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఆ వాదన తోసిపుచ్చి, చట్టపరిధిలో పన్నును ప్రణాళిక చేసుకోవడం తప్పు కాదని, పైకి ఒకటిగా కనిపించి లోపల మరొకటి చేసే కల్పిత ఏర్పాట్లకు మాత్రం రక్షణ ఉండదని వివరించింది. న్యాయవాదికి కక్షిదారు చెప్పిన విషయాల గోప్యతను భారతీయ సాక్ష్య అధినియమం 132వ సెక్షన్ కాపాడుతుంది. అక్రమ ప్రయోజనం కోసం చెప్పిన మాటలకు ఆ రక్షణ వర్తించదని అదే సెక్షన్ చెబుతుంది.

అపోహ: చిన్న పరిశ్రమగా నమోదైనట్లు చూపే ఉద్యమ్ సర్టిఫికెట్ ఉంటే పెద్ద కంపెనీల నుంచి బాకీ వడ్డీతో సహా వసూలవుతుంది.

సగం నిజం అయినందువల్లే ఈ అపోహ బలంగా వ్యాపించింది. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల అభివృద్ధి చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న తరహా సరఫరాదారుకు లిఖిత ఒప్పందం ఉన్నా 45 రోజులకు మించకుండా సొమ్ము చెల్లించాలి. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చొప్పున, నెల నెలా చక్రవడ్డీ పడుతుంది. వివాదాన్ని ఫెసిలిటేషన్ కౌన్సిల్ ముందుకు తీసుకుపోవచ్చు. అయితే చిల్లర, టోకు వ్యాపారులను 2021 జూలైలో ఉద్యమ్ నమోదులోకి అనుమతించినప్పుడు వారికి ఇచ్చిన ప్రయోజనం బ్యాంకుల ప్రాధాన్య రంగ రుణాలకే పరిమితం. కనుక పత్తిని దూదిగా మార్చే జిన్నింగ్ మిల్లుకు దక్కే పై రక్షణ, అదే పత్తిని కొని అమ్మే వ్యాపారికి దక్కదు. అతను కోర్టుకే వెళ్లాలి. 3 లక్షలకు తగ్గని వాణిజ్య వివాదంలో, అత్యవసర ఉత్తర్వు కోరని పక్షంలో, దావాకు ముందు మధ్యవర్తిత్వం తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2022లో స్పష్టం చేసింది. భాగస్వామ్య సంస్థ అయితే మరొక చిక్కు: 1932 నాటి చట్టం నమోదును ఐచ్ఛికంగా వదిలినా, నమోదు కాని సంస్థ ఒప్పందపు హక్కు కోసం బయటివారిపై దావా వేయలేదు.

అపోహ: భూమికి పట్టా, రాసుకున్న లీజు కాగితం ఉంటే గిడ్డంగి కట్టుకోవచ్చు.

మహబూబాబాద్ జిల్లాలో కొత్తగూడ, గూడూరు వంటి ఏజెన్సీ ప్రాంతాలు, అంటే గిరిజనుల రక్షణ కోసం ప్రకటించిన షెడ్యూల్డు ప్రాంతాలు, ఉన్నాయి. 1959 నాటి భూబదలాయింపు నిబంధనకు 1970లో జరిగిన సవరణ ప్రకారం, షెడ్యూల్డు ప్రాంతంలోని స్థిరాస్తిని గిరిజనేతరులకు బదలాయించడం చెల్లదు. అమ్మకమే కాదు, లీజు, తనఖా కూడా బదలాయింపే. అమ్మేవాడు గిరిజనేతరుడైనా ఫలితం అదే. నాటి విశాఖ జిల్లా బొర్రా ప్రాంతపు గనుల లీజులపై 1997లో వచ్చిన సమత తీర్పు, ప్రభుత్వం తన భూమిని గిరిజనేతర సంస్థలకు లీజుకివ్వడం కూడా ఈ నిషేధం కిందికే వస్తుందని చెప్పింది. బాధ్యత గల న్యాయవాద సంస్థ మొదట చూడవలసింది పట్టాను కాదు, ఆ గ్రామం షెడ్యూల్డు ప్రాంతపు అధికారిక జాబితాలో ఉందా లేదా అన్నదాన్ని. ఉంటే, షరతులు మార్చి పత్రం రాయడం కాక ఆ ఒప్పందమే వద్దని చెప్పడం దాని విధి. గిరిజనుల నేల కాపాడటానికి వచ్చిన ఈ నిబంధన కింద అధికారులు భూమిని ఖాళీ చేయించి అసలు హక్కుదారుకు గానీ అతని వారసులకు గానీ తిరిగి అప్పగించగలరు; కొనుగోలుదారు ఎంత సొమ్ము చెల్లించాడన్నది ఆ చర్యను ఆపే కారణం కాదు.