గుండుకి తిన్నని దారి లేదు

రండిరా, ఇలా అరుగు మీద కూర్చోండి. ఒరేయ్ చంటీ, ఆ చాప కాస్త ఇటు లాగు. బుజ్జమ్మా, నువ్వు స్తంభానికి ఆనుకో. ఇవాళ తుపాకుల కబుర్లు. కాల్చడం సంగతి కొంచెమే, లెక్కలూ గాలీ భూమీ గురించే ఎక్కువ. మా చెల్లెలి మనవడు టెక్సాస్‌లో ఉన్నాడు కదా, వాడు ఫోన్ చేసి, "తాతయ్యా, దూరపు గురి కొట్టడానికీ, సీజన్లో జింక వేటకీ రెంటికీ పనికొచ్చేలా మొదటి రైఫిల్ కొనాలనుకుంటున్నా, ఏది మంచిది?" అన్నాడు. అక్కడ అది చట్టం ఒప్పుకునే పనే. వేట లైసెన్సు ఉండాలి. 1971 సెప్టెంబరు 2 నాడో ఆ తర్వాతో పుట్టినవాళ్లు వేట పాఠం చదివి పాసవ్వాలి కూడా. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణుల చట్టం కింద ఇప్పుడు సరదా వేటకి చోటే లేదు, అదే మంచిది. కానీ వాడికి చెప్పిన జవాబులో ఇంత సైన్సు ఉంది, మీకు చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

తుపాకి గుండు తిన్నగా పోతుందని అందరూ అనుకుంటారు. పోదమ్మా! గొట్టం దాటిన మరుక్షణం నుంచీ అది కింద పడుతూనే ఉంటుంది. ఆటస్థలంలాంటి చదునైన నేల మీద రైఫిల్‌ని అడ్డంగా, సమంగా పట్టుకుని కాల్చామనుకోండి. అదే క్షణంలో, అంతే ఎత్తునుంచి ఇంకో గుండుని చేత్తో వదిలేశామనుకోండి. గాలి సంగతి పక్కన పెడితే రెండూ ఒకేసారి నేలకి తగులుతాయి. ఒకటి మన కాళ్ల దగ్గర, రెండోది ఎక్కడో దూరాన, అంతే తేడా. భూమి లాగడంలో వేగంగా పోయేవాడికని మినహాయింపేం ఉండదు. నాకు ఈ సంగతి తెలిసిన రోజు ఎంత సంతోషమైందో చెప్పలేను.

మరి గురి ఎలా తగులుతుంది? మీరు కొమ్మ చివరి మామిడికాయకి రాయి విసిరేటప్పుడు కాయకి కాస్త పైకే విసురుతారు కదా. ఎవరూ నేర్పలేదు, చెయ్యే నేర్చుకుంది. రైఫిల్లోనూ అంతే. పైనుండే దుర్భిణికీ కిందుండే గొట్టానికీ మధ్య చిన్న వాలు పెడతారు. కన్ను తిన్నగా చూస్తుంటే గొట్టం ఒక్క పిసరు పైకి చూస్తూ ఉంటుంది. వంద గజాల దగ్గర సరిచూసుకున్న మంచి రైఫిల్ గుండు 500 గజాల దగ్గర మీటరుకి పైగా కిందకి దిగుతుంది. వెయ్యి గజాల దగ్గరైతే ఏడు మీటర్లకి పైనే, రెండంతస్తుల మేడెత్తు! అంటే దూరం రెట్టింపైతే పడడం రెట్టింపు కాదు, ఇంకా చాలా ఎక్కువ. పోనుపోను గుండు నెమ్మదిస్తుంది, దారిలో ఉండే సమయం పెరుగుతుంది, ఆ సమయమంతా భూమి లాగుతూనే ఉంటుంది.

ఎందుకు నెమ్మదిస్తుంది? గాలి అడ్డం పడుతుంది గనుక. గాలి ఇంత గట్టిగా అడ్డుకుంటుందని లెక్క కట్టి చూపించినవాడు బెంజమిన్ రాబిన్స్ అనే ఇంగ్లీషాయన. 1742లో పుస్తకం రాశాడు. బరువైన లోలకాన్ని వేలాడదీసి, దానిలోకి గుండు కాల్చి, అది ఎంత ఊగిందో చూసి గుండు వేగం కనిపెట్టేవాడు. గడియారాలు సెకనులో చిన్న ముక్కని కొలవలేని రోజుల్లో ఎంత తెలివైన ఉపాయమో చూడండి! 1747లో గాడులు చెక్కిన తుపాకి గొట్టం ఎందుకు మేలో రాయల్ సొసైటీకి వివరించాడు. ఆ రాబిన్స్ తర్వాత ఈస్టిండియా కంపెనీ ఇంజనీరుగా కోటల పని చూడ్డానికి మన కోరమాండల్ తీరానికే వచ్చాడు. 1751లో కడలూరు దగ్గర సెయింట్ డేవిడ్ కోటలో కన్నుమూశాడు. రైఫిల్ శాస్త్రానికి పునాది వేసినవాడి ఆఖరి రోజులు మన సముద్రం ఒడ్డున గడిచాయన్నమాట.

గాడులు అన్నాను కదా, అవేంటో చెప్తా. రైఫిల్ గొట్టం లోపల నున్నగా ఉండదు. మెలి తిరిగిన సన్నని గాడులుంటాయి. గుండు వాటిలో ఇరుక్కుని మెలి తిరుగుతూ బయటికొస్తుంది. చంటీ, నీ బొంగరం తిరిగినంతసేపూ నిలబడుతుంది, తిరగడం మానగానే ఒరిగిపోతుంది, అవునా? గుండు కూడా తిరుగుతున్నంతసేపు ముక్కు ముందుకే పెట్టుకుని పోతుంది. తిరక్కపోతే గాలిలో పల్టీలు కొడుతుంది. ఎంత వేగంగా తిరుగుతుందంటారు? ఈ రోజుల్లో బాగా ఆడే 6.5 క్రీడ్‌మూర్ అనే తూటా కాల్చే రైఫిల్లో గాడి ప్రతి 8 అంగుళాలకి ఒక చుట్టు చుడుతుంది. గుండు సెకనుకి 820 మీటర్ల చొప్పున పోతుంది. లెక్క వేస్తే సెకనుకి నాలుగు వేల చుట్లు! పొడవాటి గుండుకి చురుకైన మెలిక కావాలి, పొట్టి గుండుకి నెమ్మదైన మెలిక చాలు. అందుకే రైఫిల్ కొనేటప్పుడు ఎన్ని అంగుళాలకో చుట్టు అని అడిగి, ఆ గొట్టానికి నప్పే గుండ్లే కొనమని వాడికి గట్టిగా చెప్పాను.

క్రీడ్‌మూర్ అనగానే ఒక కథ గుర్తొస్తోంది, వినండి. న్యూయార్క్ పక్కన లాంగ్ ఐలండ్‌లో క్రీడ్ అనే కుటుంబం వాళ్ల పొలం ఉండేది. ఆ నేలలో 1873లో గురి మైదానం తెరిచారు. మరుసటి ఏడాది అక్కడ ఐర్లండ్ జట్టుకీ అమెరికా జట్టుకీ పోటీ. దూరాలు 800, 900, 1000 గజాలు. ఐర్లండ్ వాళ్లవి మూతి దగ్గర్నుంచి మందు కూరే పాతకాలపు రైఫిళ్లు, అమెరికావాళ్లవి వెనకనుంచి తూటా పెట్టే కొత్తరకం. చివరికి 934కి 931, మూడంటే మూడు పాయింట్ల తేడాతో అమెరికా గెలిచింది. ఐర్లండ్ ఆటగాడు ఒకాయన నడిబొడ్డున కొట్టాడు గానీ, పక్కవాడి బోర్డు మీద! నాలుగు పాయింట్లు పోయాయి. ఆ ఒక్క గుండు సరైన బోర్డు మీద తగిలుంటే గెలుపు ఐర్లండ్‌దే. తుపాకి ఎంత గొప్పదైనా ఎటు చూస్తున్నామో చూసుకోవాల్సింది మనమే. ఆ మైదానం పేరే 2007లో వచ్చిన ఈ తూటాకి పెట్టారు.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఏ తూటా? పాత కాపు .308 విన్చెస్టర్ ఉంది, 1952లో వచ్చింది, ఏ కొట్లో అడిగినా దొరుకుతుంది, వేటకి దిట్ట. 6.5 క్రీడ్‌మూర్ గుండు అంతకన్నా సన్నం, లావుకి తగినదానికంటే పొడవు. గాలిని చీల్చుకుని పోతుంది. పక్కనుంచి గంటకి 16 కిలోమీటర్ల గాలి తోస్తోందనుకోండి, 500 గజాలు పోయేసరికి క్రీడ్‌మూర్ గుండు సుమారు జానెడున్నర పక్కకి జరుగుతుంది, .308 మూరెడుకి పైనే జరుగుతుంది. దూరపు ఆటలో గెలిపించేదీ ఓడించేదీ ఈ పక్కగాలే. కిందకి పడేది లెక్కకి దొరుకుతుంది, దానికి పట్టికలున్నాయి. గాలి మాత్రం గడ్డి ఊగడం, దుమ్ము లేవడం చూసి కనిపెట్టాల్సిందే. ఏళ్ల తరబడి గాలినే చదివినవాళ్లున్నారు. పొలంలో తూర్పారబట్టే రైతుకి ఆ విద్య ఎవరూ చెప్పక్కర్లేదు.

"ఇంకా పెద్దది కొంటే?" అన్నాడు మావాడు. ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు. గుండు ముందుకి పోతే రైఫిల్ వెనక్కి తంతుంది, న్యూటన్ మహాశయుడి సూత్రం. తొమ్మిది గ్రాముల గుండుని అంత వేగంతో తోసినందుకు నాలుగు కిలోల రైఫిల్ భుజాన్ని గుద్దుతుంది. తూటా పెద్దదైనకొద్దీ గుద్దు పెరుగుతుంది. భుజం నొప్పికి భయపడ్డ మనిషి ట్రిగ్గర్ నొక్కేముందే కళ్లు మూసుకుంటాడు, ఒళ్లు బిగించేస్తాడు, గురి ఎటో పోతుంది. ఒకసారి ఆ అలవాటు పట్టిందంటే వదిలించడం చాలా కష్టం. పెద్ద తూటాలు ఖరీదు కూడా, కాబట్టి సాధన తగ్గుతుంది. ఎంత చిన్నదాంతో పని జరుగుతుందో అంత చిన్నది కొను అన్నాను.

వేటకథలు చదివేవాళ్లకి కెన్నెత్ ఆండర్సన్ తెలుసు. 1910లో మన సికిందరాబాదు పక్కన బొల్లారంలో పుట్టాడు. ఆయన చేతిలో .405 విన్చెస్టర్ ఉండేది. సుమారు ఇరవై గ్రాముల బరువైన గుండు, వేగం తక్కువ. చిక్కటి అడవిలో పాతిక ముప్పై గజాల్లో ఎదురయ్యే పులికి అది సరి. జిమ్ కార్బెట్ అనే మరో వేటగాడికి చంపావత్ మనుషుల్ని తిన్న పులిని చంపినందుకు బహుమతిగా వచ్చింది .275 రిగ్బీ, సన్నని గుండుది. ఎవరి అడవి వాళ్లది, ఎవరి దూరం వాళ్లది. అందుకే మావాణ్ణి నేను మొదట అడిగింది తుపాకి గురించి కాదు, "ఎంత దూరం కాలుస్తావురా, ఎంత దూరం మోస్తావు?" అని.

ఎందుకంటే రెండు పనులూ రెండువైపులకి లాగుతాయి. బల్ల మీద పెట్టి గురి కొట్టేవాడికి బరువు వరం. బరువైన రైఫిల్ తక్కువ కదులుతుంది, తక్కువ తంతుంది, లావు గొట్టం తొందరగా వేడెక్కదు. ఎఫ్-క్లాస్ అనే పోటీలో ఒక విభాగంలో 10 కిలోల వరకూ ఒప్పుకుంటారు. అది భుజాన వేసుకుని కొండ ఎక్కమంటే? వేటగాడికి మూడు, మూడున్నర కిలోలు చాలు. కానీ సన్నని గొట్టం నాలుగైదు గుండ్లకే వేడెక్కుతుంది, తగిలే చోటు మెల్లగా జరుగుతుంది. రెంటికీ ఒకే రైఫిల్ కావాలంటే మధ్యస్థంగా, దుర్భిణితో కలిపి నాలుగున్నర కిలోల దగ్గర తూగేది, మధ్యరకం లావు గొట్టంతో, చేత్తో గడియ తిప్పి తూటా ఎక్కించే బోల్ట్ రకం తీసుకోమన్నాను. 1898లో పాల్ మౌజర్ చేసిన నమూనాయే నేటికీ చాలావాటికి తాత. దాన్లో కదిలే భాగాలు తక్కువ, నేర్చుకునేవాడికి ప్రతి తూటా మీదా శ్రద్ధ ఉంటుంది.

భుజానికి ఆనే భాగం చెక్కదయితే చూడ్డానికి అందమే. కానీ వానాకాలంలో మన వీధి తలుపు ఉబ్బి గడప పట్టేస్తుంది కదా, ఆ చెక్కా అలాగే ఉబ్బుతుంది. ఉబ్బి గొట్టాన్ని ఒక పక్క నెడితే గురి మారుతుంది. అందుకని ప్లాస్టిక్ లాంటి పదార్థంతో చేసినదే మేలన్నాను.

మరో ముచ్చట. అమ్మేవాళ్లు "ఒక నిమిషం కోణం" అని చెబుతుంటారు. డిగ్రీని అరవై భాగాలు చేస్తే ఒక భాగం. వంద గజాల దగ్గర అది అంగుళం కన్నా కొంచెం ఎక్కువ, వెయ్యి గజాల దగ్గర పదిన్నర అంగుళాలు. ఈ రోజుల్లో మామూలు ధర రైఫిళ్లూ దాదాపు అంత కచ్చితంగా కొడతాయి. జింక గుండె, ఊపిరితిత్తుల చోటు సుమారు జానెడు ఉంటుంది. కాబట్టి వేటకి రైఫిల్ ఎప్పుడూ చాలినంత మంచిదే, చాలనిది మన ఊపిరీ, వేలూ. డబ్బు మిగిల్చి మంచి దుర్భిణి కొనమన్నాను. దాని మరను ఒక్క క్లిక్ తిప్పితే వంద గజాల దగ్గర సుమారు ఏడు మిల్లీమీటర్లు జరిగే రకం ఉంటాయి. ప్రతిసారీ అంతే జరగాలి, అదే దాని మంచితనం.

ఇంకొకటి మరీమరీ చెప్పాను. ఇనప పలకని వెయ్యి గజాల నుంచి కొట్టగలిగావని జింకని అంత దూరం నుంచి కొట్టకు. 500 గజాలు పోవడానికే గుండుకి అర సెకనుకి పైగా పడుతుంది. ఆ లోపల జింక ఒక అడుగు వేసిందంటే గుండె దగ్గర తగలాల్సింది కడుపులో తగులుతుంది. వేగం తగ్గిన గుండు లోపల సరిగా విచ్చుకోదు కూడా. గాయపడ్డ ప్రాణి ఎక్కడో పొదలో బాధపడి చస్తుంది. అది పాపం. మొదటి ఏళ్లలో 200 గజాలు దాటి వేటకి కాల్చవద్దన్నాను.

"అయితే తాతయ్యా, నేనెప్పుడు నేర్చుకోవాలి?" అంటోంది బుజ్జమ్మ. నీకూ, టెక్సాస్ మనవడికీ ఒకటే మాట. మొదట .22 తోనే. 1887 నాటి చిన్న తూటా అది, చవక, తన్నదు. 200 గజాల్లోనే మీటరుకి పైగా కిందకి పడుతుంది, గాలికి కొట్టుకుపోతుంది. పెద్ద రైఫిల్ వెయ్యి గజాల్లో నేర్పే పాఠాలన్నీ దగ్గర్లోనే నేర్పేస్తుంది. టెక్సాస్‌లో దాంతో జింకని కొట్టడానికి చట్టం ఒప్పుకోదు, సాధనకే అది. చిన్నదే కదా అని చులకన వద్దు, మైలుకి పైగా పోగలదు. వెనక మట్టిగట్టు లేకుండా కాల్చకూడదు. ఏ తుపాకినైనా నిండుగా ఉందనే అనుకోవాలి, మూతి మనిషి వైపు తిప్పకూడదు, కాల్చేదాకా వేలు ట్రిగ్గర్ మీదకి పోకూడదు, ఇంటికొచ్చాక తాళం వెయ్యాలి.

అమెరికాలో హెచ్1బీ లాంటి వీసా మీదున్న మనవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. వాళ్లు తుపాకి కొనడం, దగ్గర ఉంచుకోవడం అక్కడి కేంద్ర చట్టం ప్రకారం మామూలుగా నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉంటే మినహాయింపుంది. కొట్టుకి పోకముందే లాయరుని కనుక్కోండి. ఇక్కడే ఉండి ఈ విద్య మీద ఇష్టం పుడితే 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ ఉంది. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది దాంతోనే. మంచి గురువున్న క్లబ్బులో చేరండి, మీ అమ్మానాన్నలతో నేను మాట్లాడతాను.